నా పిల్లలు ఓడిపోతారని రాశాను

పందెం కాసిన మాట నిజమే. నన్ను ఎరిగినవాళ్ళు కొందరు "పాపం, మేడంను ఎవరో కావాలని ఇరికించారు" అని ఇప్పటికీ నా తరఫున జాలిపడుతుంటారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. నన్ను ఎవరూ ఇరికించలేదు. ముప్పై ఏళ్ళు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి, రిటైర్మెంటు ఇంకా ఏడు నెలలు ఉందనగా, నా సొంత జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోతుందని నా చేత్తో రాసి, పక్కన సంతకం కూడా పెట్టాను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్ళు ఫోన్ చేసి, నసుగుతూ నసుగుతూ, "అసలేం జరిగింది మేడం?" అని అడుగుతున్నారు. వాళ్ళూ వీళ్ళూ చెప్పగా వినడమెందుకు, నేనే చెబుతాను.

మాది మంచిర్యాల వైపు ఒక మహిళా డిగ్రీ కాలేజీ. మా ఆటస్థలం సంగతి చెబితే నవ్వుతారు. ఉన్నది ఒక్కటే బాస్కెట్‌బాల్ కోర్టు. దాంట్లో ఒకవైపు బోర్డు ఎడమకు వాలి ఉండేది. పక్కనే బొగ్గు లారీలు పోయే రోడ్డు కావడంతో పొద్దున ఊడ్చిన సిమెంటు సాయంత్రానికి నల్లబడేది. పిల్లల అరచేతులు, బంతి, నా ఈల తాడు అన్నిటిదీ అదే రంగు. అందులోనే ఏటా ఒక జట్టును తయారుచేసి, కరీంనగర్‌లో జరిగే మహిళా కాలేజీల టోర్నమెంటుకు తీసుకుపోయేదాన్ని. ఎనిమిది జట్లు వస్తాయి. ఓడిన జట్టు అదేరోజు ఇంటికి పోతుంది, గెలిచింది ముందుకు పోతుంది.

ఆ టోర్నమెంటు మీద మా స్టాఫ్ రూములో ఒక షర్తు, పందెమే అనుకోండి, నడిచేది. దానికి మేం పెట్టుకున్న పేరు పంచాంగం. బాటనీ సారు డ్రాయింగు షీటు మీద ఎనిమిది జట్ల పేర్లు రాసి, ఏ జట్టు గెలిస్తే ఎవరితో ఆడాల్సి వస్తుందో గీతలు కలిపి, ఆకు ఈనెలు గీసినంత శ్రద్ధగా పటం వేసేవాడు. పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. ప్రతి మ్యాచ్‌కూ ఎవరు గెలుస్తారో, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారో ఎవరి వరుసలో వాళ్ళు రాసి సంతకం పెట్టాలి. సరైనదానికి ఒక రాజపూజ్యం, తప్పయినదానికి ఒక అవమానం. టోర్నమెంటు అయ్యాక తెలుగు మేడం ఉగాది నాడు పంతులు చదివినట్టే గొంతు సవరించుకుని, "ఎకనామిక్స్ వారికి రాజపూజ్యం రెండు, అవమానం అయిదు" అని రాగం తీసి చదివేది. నవ్వలేక కడుపు పట్టుకునేవాళ్ళం.

డబ్బు ముచ్చటే లేదు. అందరికంటే ఎక్కువ రాజపూజ్యం వచ్చినవారికి కిటికీ పక్కన ఎండ పడే కుర్చీ నెల రోజులపాటు దక్కుతుంది. మా వైపు చలి సంగతి తెలిసినవాళ్ళకు ఆ కుర్చీ విలువ చెప్పక్కర్లేదు. అందరికంటే ఎక్కువ అవమానం వచ్చినవారు ఇంటి నుంచి అందరికీ సర్వపిండి చేసుకొని రావాలి. అంతే. ఇందులో ఏ చట్టాన్ని ఎక్కడ మీరామో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ కుర్చీలో నేను వరుసగా అయిదేళ్ళు కూర్చున్నాను. కూర్చోకుండా ఎట్లా ఉంటాను? ఏ కాలేజీలో పొడుగు పిల్లలున్నారో, ఎవరి మోకాలు దెబ్బతిన్నదో, ఏ పీడీ ప్రాక్టీసు మానేసి రియల్ ఎస్టేటు చూసుకుంటున్నాడో మొత్తం నాకు తెలుసు. మొదట్లో ఒక ఏడాది రోషానికి పోయి మా జట్టే కప్పు గెలుస్తుందని రాశాను. మొదటి ఆటలోనే ఓడిపోయి, పన్నెండు మందికి పిండి కలిపి, పల్లీలు నూరి, గిన్నెల అంచులు కాలేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత మా జట్టు గెలుస్తుందని రాయడం మానేశాను. బుద్ధి వచ్చిందనుకున్నాను. మైదానంలో పిల్లలకు ఒక మాట, కాగితం మీద ఒక మాట అయింది. అందులో తప్పుందని ఒక్కసారి కూడా తోచలేదు.

ఆ ఏడాది చీటీలు తీస్తే మొదటి మ్యాచే మాకు కరీంనగర్ వాళ్ళతో పడింది. టోర్నమెంటు జరిపేదీ వాళ్ళే, ఏటా కప్పు ఎత్తుకునేదీ వాళ్ళే. అంతకుముందు ఏడు మమ్మల్ని ఇరవై ఆరు పాయింట్ల తేడాతో ఓడించారు. నేను కలం తీసి వాళ్ళ పేరు రాశాను. తేడా అన్న గడిలో "ఇరవై పైన" అని రాశాను. పైగా ఆరో ఏడు కూడా కుర్చీ నాదే అని నవ్వుకున్నాను.

మా జట్టు కెప్టెన్ ఆ ఏడాది ఫైనలియర్. జైనూర్ దాటి గుట్టల మీద ఒక చిన్న ఊరు ఆమెది. హాస్టల్లో ఉండి చదువుకునేది. బాపు పత్తి, జొన్న వేస్తాడు. మనిషి పొట్టి. కానీ బంతి ఆమె చేతికి వస్తే కుక్కపిల్లలా ఆమె వెంటే తిరిగేది. ఆమెకు ఒకటే కోరిక. నాలాగా మెడలో ఈల వేసుకోవాలి. దానికి బీపీఈడీ సీటు కావాలి, సీటుకు యూనివర్సిటీ జట్టులో పేరు కావాలి. యూనివర్సిటీ సెలెక్టర్లు వచ్చేది ఆ ఒక్క టోర్నమెంటుకే. ఈసారి కాకపోతే ఆమెకు మళ్ళీ సంవత్సరం అంటూ లేదు. ఇవన్నీ తెలిసే నేను ఆ గడి నింపాను.

పంచాంగం నింపిన మర్నాడు మధ్యాహ్నం బాటనీ సారు దాన్ని ఫోటో తీసి మా పన్నెండు మంది స్టాఫ్ గ్రూపులో పెట్టబోయి, పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఉన్న స్పోర్ట్స్ గ్రూపులో పెట్టాడు. వెంటనే చూసుకున్నాడట. కంగారులో తన ఫోన్లో మాత్రమే చెరిగిపోయేలా నొక్కి, అందరి ఫోన్లలోనూ పోయిందనుకున్నాడు. నా దగ్గరికి వచ్చి షీటు నా చేతిలో పెట్టి, నుదురు తుడుచుకుంటూ, "చిన్న పొరపాటయింది పీడీ మేడం. ఏం ఫికర్ లేదు, తీసేసిన" అన్నాడు. అతని ఫోన్లో లేదు. మిగతా నూట ఎనభై మంది ఫోన్లలో చక్కగా ఉంది. అందరి సంతకాలూ చదవడానికి వీలుగా, మంచి వెలుతురులో తీశాడు కూడా.

నాలుగు గంటలకల్లా స్టాఫ్ గ్రూపులోంచి ఒక్కొక్కరే బయటికి పోయారు. ఎనిమిది మంది పోయారని ఫోను వరుసగా చూపించింది. ఎకనామిక్స్ సారు నా ముందు నుంచి నడిచిపోతూ గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ పోయాడు. నెల మధ్యలో క్యాలెండరులో అంత చూడాల్సింది ఏముందో!

సాయంత్రం ప్రాక్టీసుకు ఒక్క పిల్లా రాలేదు. నేను ఈల నోట్లో పెట్టుకుని ఖాళీ కోర్టులో నిలబడ్డాను. కాసేపటికి కెప్టెన్ ఒక్కతే బంతుల సంచి భుజాన వేసుకొని వచ్చింది. సంచి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఏడుస్తుందేమో, ఓదార్చవచ్చు అనుకున్నాను. ఆమె ఏడవలేదు.

"మేడం, ఒక్కటి అడుగుత. కోపం చెయ్యొద్దు," అంది.

"అడుగు."

"రోజు పొద్దుగాల మాకు గెలుస్తమని చెప్పిన్రు. కాయితం మీద ఓడుతమని రాసిన్రు. మీరు మాకు అబద్ధం చెప్పిన్రా, గా కాయితానికి చెప్పిన్రా?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. ఇన్స్పెక్షన్లకు వచ్చిన పెద్దపెద్దవాళ్ళు కూడా అడగలేదు. అది ఆట మాటలే, స్టాఫ్ రూము తమాషా, పట్టించుకోవద్దు అని చెప్పి తప్పించుకోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మీకే చెప్పిన," అన్నాను.

ఆమె తల ఊపింది. "సరే మేడం. నిజం చెప్పిన్రు," అని సంచి అక్కడే వదిలేసి హాస్టల్ వైపు నడిచిపోయింది.

మర్నాడు పదింటికి ప్రిన్సిపాల్ పిలిపించాడు. ఆయన మంచివాడే. ఇన్‌చార్జిగా వచ్చి నాలుగు నెలలు అయింది, కుర్చీ అంచున కూర్చునేవాడు. ఫోటో అప్పటికే పైఆఫీసు దాకా పోయింది, అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. టేబుల్ మీద మా జట్టులో ఆడే పిల్లల పేర్ల ఫారం ఉంది, ఆయన సంతకం కోసం. దానిపక్కన ఒక తెల్లకాగితం.

"మేడం, జర సోచాయించున్రి. జూదం ఆడినమని, తప్పయిందని ఒక్క లెటర్ రాసియ్యున్రి. నేను మీదికి పంపుత. ఈ యేడు టీమ్ పోవద్దు. రెండు నెలల్ల అందరు మర్చిపోతరు," అన్నాడు.

"జూదం ఆడలే సార్. ఆడనిదానికి లెటరెట్ల రాస్త?"

"షర్తు షర్తే గదా మేడం! మా తమ్ముని కొడుకు ఫోన్ల పందేలు పెట్టి రెండెకరాలు పోగొట్టిండు. ఇంట్ల పొయ్యి వెలగలే నాలుగు దినాలు. గా మాట ఇంటేనే నాకు గుండెదడ వస్తది."

ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. ఫోన్ పందేలకు ఎట్లాంటి ఇళ్ళు ఎట్లా కూలిపోయాయో మా కాలేజీ పిల్లల ఇళ్ళలోనే చూశాను. కానీ ఎండ పడే కుర్చీ కోసం నవ్వుకుంటూ రాసిన కాగితాన్నీ, దాన్నీ ఒకే గాటన కడితే ఒప్పుకునే రకం కాదు నేను. అంతకంటే ముఖ్యం, పిల్లలను ఎందుకు ఆపాలి?

"సార్, రాసింది నేను. ఆడేది వాళ్ళు. నామీద ఏం రాసుకుంటరో రాసుకోన్రి. గా ఫారం మీద మాత్రం సంతకం పెట్టున్రి," అన్నాను.

"లెటర్ ఇయ్యనిదే పెట్ట."

"అయితే ఇక్కడ్నే కూసుంట."

కూర్చున్నాను. ఆయన ఫైళ్ళు చూశాడు, నేను ఆయన్ను చూశాను. ఫారం అందించడానికి ఆరోజే ఆఖరు. ఇద్దరు లెక్చరర్లు తలుపు తీసి, నన్ను చూసి మళ్ళీ మూసేసి పోయారు. లంచ్ బెల్ కూడా అయింది. నా పెన్షన్ కాగితాలు ఆ టేబుల్ మీదుగానే పోవాలని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఆయన అనలేదు. అంటే మాత్రం నేను లేచి బల్ల మీదే కూర్చునేదాన్ని.

అప్పుడు తెలుగు మేడం లోపలికి వచ్చింది. నేను కాక గ్రూపులో మిగిలిన ముగ్గురిలో ఆమె ఒకతె. "సార్, అక్కతోని పంచాయితీ అయితే అక్కను ఆపున్రి. టీమ్‌కు మేనేజర్‌గ నేను పోత," అంది. బాస్కెట్‌బాల్‌లో ఎంతమంది ఆడతారో కూడా సరిగా తెలియని మనిషి ఆమె.

ప్రిన్సిపాల్‌కు ఊపిరి అందినట్టయింది. ఫారం మీద సంతకం పెట్టాడు. ఒక షరతు పెట్టాడు. నేను జట్టుతో పోకూడదు, కోర్టు దగ్గరికి రాకూడదు, వచ్చినట్టు తెలిస్తే జట్టును అక్కడికక్కడే వెనక్కి పిలుస్తాడు. నేను లేచి పోతుంటే గొంతు తగ్గించి, "లెటర్ కాకపోతే ఇంకోటి ఉన్నది మేడం. అసలు కాయితం మీ దగ్గర్నే ఉన్నదట గదా, చింపేయున్రి. ఫోటో ఎవరో కల్పించిన్రని రాసి పంపుత. మీరు సల్లగ రిటైర్ గావొచ్చు," అన్నాడు. జట్టు తిరిగొచ్చాక చెబుతానన్నాను.

ఆ సాయంత్రం జట్టులోని పదిమంది పిల్లలూ వచ్చారు. కోర్టు గీత దగ్గర వరుసగా నిలబడ్డారు. కెప్టెన్ ముందుకు వచ్చింది.

"మేడం, మేము గూడ ఒక షర్తు గడుతున్నం. మేము గెలిస్తే మీరు గా పంచాంగం నోటీస్ బోర్డుకు పెట్టాలె. మీ సంతకంతోని, అందరు సూసేటట్టు. ఓడితే చింపేయున్రి. మల్ల ఎవ్వలం గా మాట ఎత్తం."

వాళ్ళు అడుగుతున్నది ఎంత పెద్దదో వాళ్ళకు పూర్తిగా తెలియదు. ఆ కాగితం బోర్డు మీదికి ఎక్కిందంటే ప్రిన్సిపాల్ చూపించిన దారి మూసుకుపోయినట్టే. ఒప్పుకున్నాను. అప్పుడు కూడా, నిజం చెబుతున్నాను, చింపడమే ఉంటుందని నా లోపలి మనిషి లెక్క వేసుకుంది.

టోర్నమెంటు రోజు సెలవు పెట్టి, పిల్లలు ఎక్కిన బస్సే ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. బస్సులో కూర్చోవద్దని ఎవరూ అనలేదు కదా. తెలుగు మేడం ముందు నుంచి వెనక్కి తిరిగి, "అక్కా, టైమౌటంటే మనమే అడగాలెనా, వాళ్ళే ఇస్తరా?" అని బస్సంతా వినేలా అడిగింది. కెప్టెన్ ఆమె చెయ్యి పట్టుకుని, "నేను జెప్పినప్పుడు చెయ్యి లేపున్రి మేడం, గంతే," అంది.

కరీంనగర్‌లో నేను గ్యాలరీ మెట్ల మీద, అవతలి కాలేజీ పిల్లల గుంపులో ఇరుక్కుని కూర్చున్నాను. చుట్టూ వాళ్ళ డప్పులు, వాళ్ళ కేకలు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి కోర్టు నాకు అంత దూరంగా, అంత కిందుగా కనిపించింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆట ఎట్లా ఆడాలో నేనే నేర్పి పంపాను. పొట్టి జట్టు మాది. అందుకని అయిదుగురూ మన బుట్ట కిందే కాపు కాయాలి, ముందుకు పోకూడదు, ఎదుటివాళ్ళు దూరం నుంచి వేసి తప్పిస్తే చాలు అని నా పద్ధతి. అట్లాగే మొదలుపెట్టారు. పది నిమిషాలకు వాళ్ళు పద్నాలుగు, మేం నాలుగు. అంతా నేను రాసినట్టే పోతున్నది.

కెప్టెన్ తెలుగు మేడం వైపు చూసింది. ఆమె చెయ్యి లేపింది, బడిలో జవాబు తెలిసిన పిల్ల లేపినట్టు. జట్టు గుండ్రంగా కూర్చుంది. కెప్టెన్ ఏదో చెబుతున్నది, వేలితో కోర్టు మొత్తం చూపిస్తున్నది. లేచి వచ్చాక పిల్లలు బుట్ట కిందికి పోలేదు. కోర్టు ఆ చివరి దాకా పోయి, బంతి లోపలికి రాకముందే ఎదుటివాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కొక్కరు అడ్డం పడ్డారు. అట్లా నలభై నిమిషాలు పరుగెత్తితే ప్రాణం పోతుంది. నేను ఎన్నడూ ఆడనివ్వలేదు.

"వద్దు! వెనక్కి రా!" అని లేచి అరిచాను. షరతు గిరతు ఏదీ గుర్తులేదు. అదృష్టం, డప్పుల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు.

వాళ్ళు వెనక్కి రాలేదు. పొడుగు పిల్లలకు బంతి అందితేనే కదా పొడుగు పనికొచ్చేది! అందనివ్వలేదు. వాళ్ళు కంగారుపడి బంతి బయటికి విసురుకున్నారు. సగం ఆటకు ఇరవై, పదహారు. మూడో పావు అయ్యేసరికి ముప్పై, ముప్పై. డప్పులు ఆగిపోయాయి. మా పిల్లలు కుంటుతూ కూడా పరుగెత్తుతూనే ఉన్నారు. బొగ్గు పొడి పడ్డ సిమెంటు మీద జారకుండా ఆడటం అలవాటైన కాళ్ళు అవి. శుభ్రమైన కోర్టు మీద వాళ్ళను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. నేను కూర్చున్నానో నిలబడ్డానో తెలియదు. పక్కనున్న కరీంనగర్ అమ్మాయి, "ఆంటీ, మీ బిడ్డ ఆడుతుందా?" అని అడిగింది. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆఖర్న నలభై రెండు, నలభై ఒకటి. మేం ఒకటి వెనక. తొమ్మిది సెకన్లు. బంతి కెప్టెన్ చేతిలోకి వచ్చింది. ఇద్దరిని తప్పించుకుని పోయి వేసింది. బంతి రింగు మీద పడి, లోపలికి వంగి, బయటికి వచ్చి పడింది. ఈల మోగింది.

ఓడిపోయాం. నేను రాసినట్టే ఓడిపోయాం.

మెట్లు దిగి బయట గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి పోవడానికి లేదు. పిల్లలు వచ్చారు. మోకాళ్ళు కొట్టుకుపోయి, మొహాలు కందిపోయి ఉన్నాయి. కెప్టెన్ నా ముందు ఆగింది.

"మేడం, మీరే గెలిచిన్రు," అంది. వెక్కిరింత కాదు. షర్తు ఓడినవాళ్ళు ఒప్పుకున్నట్టు ఒప్పుకుంది. "కాయితం చింపేయున్రి. మాట మాటే."

తిరుగు బస్సులో పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. నేను కాగితం తీసి చూసుకున్నాను. నా వరుస. వాళ్ళ పేరు. ఇరవై పైన. ఆ కాగితం చూస్తుంటే నా మీద నాకు కోపం వచ్చింది, ఎంతటి కోపమంటే పళ్ళు నొప్పి పుట్టాయి. నేను ఓటమిని ఊహించి ఊరుకోలేదు. దానికి తగిన ఆట కూడా నేర్పాను. బుట్ట కింద కాపు కాయడం, తేడా మరీ పెరగకుండా చూసుకోవడం, మర్యాదగా ఓడి ఇంటికి రావడం. ఎన్ని ఏళ్ళు, ఎన్ని జట్లకు! నేను బెంచి మీద ఉండి ఉంటే రెండో పావులోనే వాళ్ళను వెనక్కి పిలిచేదాన్ని. ఇరవై తేడాతో ఓడిపోయేవాళ్ళం, నాకు కుర్చీ వచ్చేది.

ప్రిన్సిపాల్ చింపమన్నాడు. పిల్లలు చింపమన్నారు. షర్తు ప్రకారం కూడా చింపాల్సిందే. ఇంతమంది చింపమంటుంటే నాకు మొండితనం పుట్టుకొచ్చింది. నా స్వభావమే అంత.

మర్నాడు పొద్దున కాలేజీ గేటు తీసేసరికి నేను నోటీసు బోర్డు దగ్గర ఉన్నాను. పంచాంగాన్ని మిగతావాళ్ళ వరుసలు కనబడకుండా మడిచి, నా ఒక్క వరుసే తెరిచి, నాలుగు మూలలా గుండుపిన్నులు గుచ్చాను. "ఇరవై పైన" అన్నదాన్ని ఎర్రసిరాతో కొట్టేసి పక్కన "ఒకటి" అని రాశాను. కింద ఇంకోసారి, ఈసారి పూర్తి పేరుతో, సంతకం పెట్టాను.

ప్రిన్సిపాల్ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. "ఏం జేస్తున్నరు మేడం! టీమ్ ఓడింది గదా! ఓడితే చింపుమన్నరట గదా పిల్లలే!"

"ఓడింది గనుకనే పెట్టిన సార్. గెలిస్తే వాళ్ళే పెట్టిచ్చేటోళ్ళు. ఇది నేను పెడుతున్న."

"మీమీద యాక్షన్ తప్పదు."

"తీసుకోన్రి."

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చదివారు. కెప్టెన్ ఎర్రసిరాతో రాసినదాని మీద వేలు పెట్టి చదివింది. తర్వాత నా వైపు తిరిగి, "సాయంత్రం ప్రాక్టీసున్నదా మేడం?" అని అడిగింది. టోర్నమెంటు అయిపోయాక ప్రాక్టీసు ఎక్కడిది? అయినా ఉందన్నాను. పదిమందీ వచ్చారు. నా ఈల నా జేబులోనే ఉంది. ఆ గంటసేపు ఆమే ఆడించింది, కోర్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా.

వారం తిరిగేసరికి యూనివర్సిటీ జట్టు జాబితా వచ్చింది. పన్నెండు పేర్లలో ఆమె పేరు పన్నెండోది. ఇప్పుడు బీపీఈడీ చదువుతున్నది. అందులో నా చెయ్యి ఉందని ఎవరైనా పొగిడితే ఊరుకోను. నేను ఆరోజు గ్యాలరీలో కూర్చుని వద్దు వద్దని అరిచిన మనిషిని.

విచారణకు పైఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. బోర్డు మీద కాగితం పెట్టమని మీకు ఎవరు చెప్పారని మూడుసార్లు అడిగాడు. ఎవరూ చెప్పలేదని మూడుసార్లు చెప్పాను. ఫోటోలో ఉన్న మిగతా పదకొండు సంతకాలు ఎవరెవరివో నోటితో చెప్పమంటే, నా వరుస మాత్రమే నాకు తెలుసన్నాను. బాటనీ సారు తలుపు బయట నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నన్ను చూసి ఏడుపు మొహం పెడితే, వచ్చే ఏడు ఫోటోలు తీయకుండా గీయమని చెప్పాను. రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. జూదంలో పాల్గొన్నందుకు హెచ్చరిక అని సర్వీసు రిజిస్టరులో రాశారు.

రిటైర్మెంటు వారంలో ఆఫీసు సూపరింటెండెంటు నా మేలు కోరి ఒక అప్పీలు టైపు చేయించి తెచ్చాడు. సంతకం పెడితే ఆ హెచ్చరిక కొట్టేస్తారట, పైవాళ్ళతో మాట్లాడాడట. "గా గీత కూడ ఎందుకు మేడం, మచ్చ లేకుంట ఇంటికి పోన్రి," అన్నాడు. చదివాను. సదరు రాత కేవలం సరదా కోసం, ఆలోచన లేకుండా రాసినదే తప్ప, జట్టు సామర్థ్యం మీద అపనమ్మకంతో రాసినది కాదని మనవి, అని ఉంది.

కలం మూత పెట్టి కాగితం ఆయనకు తిరిగి ఇచ్చేశాను. నేను సరదాకు రాయలేదు, నమ్మే రాశాను. నాకు పడాల్సిన హెచ్చరికే పడింది. నేరం పేరు మాత్రం వాళ్ళు తప్పు రాశారు.